టోర్టోలాలో ఒకరు

బరువల్లీ
1998 జూన్ 9, మంగళవారం

అక్కా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున ఆరింటికే జరిగింది. కాస్మస్ మామయ్య మన గుమ్మంలోకి వచ్చి, తన జేబులోని పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. ఆ పెన్ను ఆయన పెళ్ళాన్ని కూడా ముట్టుకోనివ్వడని నీకు తెలుసు కదా. "కాలేజీలో ఊరికే కూర్చోబెడుతున్నారో, ఏమైనా నేర్పుతున్నారో చూద్దాం. రేడియోకి మీ అమ్మమ్మ మరణ ప్రకటన నువ్వే రాయి" అన్నాడు.

ఆదివారం అమ్మమ్మ పోయిన సంగతి మామయ్య మీ నర్సుల క్వార్టర్స్‌కి ఫోన్ చేసి చెప్పానన్నాడు. చర్చి నుంచి మేం వచ్చేసరికి కుర్చీలోనే ఉంది అక్కా, చర్చికని పెట్టుకున్న టోపీ కూడా తీయలేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. శనివారం ఖననం. నీకు రావడానికి వీలు కాదని అందరికీ తెలుసు, ఎవరూ తప్పు పట్టరు.

ప్రకటన రాయడం తేలికనుకున్నాను. కాదు. ఎవరెవరిని విడిచి వెళ్ళిందో పేరుపేరునా రాయాలి. ఊరి వరసన రాయాలి, వయసు వరసన రాయాలి, ఒక్క పేరు జారినా మూడు తరాలు మాటలుండవు. ట్రినిడాడ్‌లో ఉన్న కజిన్ల పేర్లు కనుక్కోవడానికే మధ్యాహ్నం అయింది. 'విడిచి వెళ్ళింది' అన్న మాట రాస్తుంటే నాకు చెయ్యి ఆగిపోయింది. ఇంతకుముందు ఆ మాట వందసార్లు రేడియోలో విన్నాను, ఒక్కసారి కూడా దాని అర్థం ఆలోచించలేదు. రాస్తేనే అర్థమవుతుందేమో మాటలు. నా నోటు పుస్తకంలో ఇది కూడా ఎక్కించాను.

నీ సంగతి నా దగ్గర భద్రంగా ఉంది. ఆగస్టు నాలుగుకి నీ ఉద్యోగానికి ఏడాది నిండాలి, ఏడాది నిండితేనే జీతంతో ప్రసూతి సెలవు, అప్పటిదాకా ఆసుపత్రిలో ఎవరికీ తెలియకూడదు, అమ్మకి అసలే తెలియకూడదు. అంతే కదా? నేను రోజూ పడుకునే ముందు పాఠంలా అప్పజెప్పుకుంటున్నాను. కడుపులో తిప్పడం తగ్గిందా? ఆర్డన్ బావ (బావ అని రాస్తే తిడతావా?) పడవల ఇంజన్లు వదిలి నిన్ను చూడడానికి వస్తున్నాడా?

గురువారం సాయంత్రం ఏడింటికి మన రేడియో పెట్టుకో. గాలి బాగుంటే సముద్రం దాటి నీ దీవిలో కూడా వినిపిస్తుందన్నావు. ప్రతి మాటా నాదే. విని ఎలా ఉందో రాయి.

నీ చెల్లెలు, ఈ వారం రచయిత్రి,
కెజియా


టోర్టోలా
జూన్ 19, శుక్రవారం

కెజియాకి,

విన్నాను. చాలా బాగా రాశావు. "ఆమె చేతి రొట్టె తినని బిడ్డ ఈ తీరంలో లేడు" అన్న చోట మా గదిలో ఇద్దరు ఏడ్చారు. ఇప్పుడు మిగతాది చెబుతాను.

గురువారాలు మన దీవివాళ్ళం అయిదుగురం వంటగదిలో రేడియో చుట్టూ చేరతాం. చావు కబుర్లు వినడానికి చేరతాం, అదొక్కటే మాకు ఇంటి కబురు. ఆ రోజు మా నర్సుల పై అధికారి, మేట్రన్ హాక్‌షా కూడా వచ్చింది. ఆమెది మన ఊరికి ఉత్తరాన షాటోబెలేర్. అమ్మమ్మ రొట్టెలు ఆమె కూడా తిన్నదట. నా పక్కనే కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"ఒలిబెర్థకి మునిమనవలు ఇరవై నలుగురు. బరువల్లీలో పదహారు మంది, ట్రినిడాడ్‌లో నలుగురు, ఇంగ్లండులో ముగ్గురు, టోర్టోలాలో ఒకరు."

అమ్మమ్మ మనవలలో టోర్టోలాలో ఉన్నది నేనొక్కదాన్నే. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ప్రకటన ఇంకా చదువుతూనే ఉన్నారు, కానీ ఎవరూ వినడం లేదు. నాలుగు జతల కళ్ళు నా పొట్ట మీద ఉన్నాయి. మేట్రన్ నా చెయ్యి వదలలేదు, ఇంకా బిగించింది. వింటున్నావా, అమ్మమ్మ కోసం ఏడవాల్సిన పూట, నన్ను నేను ఎక్కడ దాచుకోవాలా అని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మేట్రన్ పిలిచింది. "నర్స్ నాంటన్, నా వార్డులో ఏం జరుగుతోందో నాకు రేడియో చెప్పాలా?" అంది. ఎన్నో నెల అంది. చెప్పాను. "ఏడాది నిండే దాకా ఆగుదామనుకున్నావు. నన్ను అంత పిచ్చిదాన్ననుకున్నావు" అంది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. నా ఉత్తరం అమ్మ చూసిందా? నువ్వు రాసిన కాగితంలో అమ్మ చెయ్యి పెట్టిందా? నాకైతే అమ్మ గొంతు వినిపించింది ఆ లెక్కలో. గుర్తుందా, మన కజిన్ లెవీనా పెళ్ళి కాకుండా గర్భవతి అయినప్పుడు అమ్మ ఏమందో? "దాచిపెట్టిన పాపం కంటే ఒప్పుకున్న పాపం నయం." నన్ను అడగకుండానే నా చేత ఒప్పించింది. చర్చి తల్లుల సంఘం మదర్స్ యూనియన్‌కి కార్యదర్శి కదా, సొంత కూతురికి మినహాయింపు ఇస్తే ఎలా?

అమ్మకి నేను ఉత్తరం రాయడం లేదు. ఎందుకని అడిగితే తీరిక లేదని చెప్పు.

ఇక్కడ మామిడికాయలు వచ్చాయి. పీచు. మన వాటి కాలిగోటికి సరిపోవు.

వెర్నీస్


బరువల్లీ
జూన్ 27, శనివారం

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

నువ్వడిగినదానికి జవాబు. అమ్మ ఆ కాగితం చూసింది, అవును. ట్రినిడాడ్ వాళ్ళ పేర్లలో రెండు సరిచేసింది. 'ప్రియతమ' అన్న మాట అయిదుసార్లు రాశానని మూడు కొట్టేయించింది. తర్వాత మామయ్య తీసుకెళ్ళి పోస్టాఫీసులో ఇచ్చాడు. అంతే జరిగింది.

ఇక్కడా తెలిసిపోయింది. ఖననానికి ముందు రోజు శుక్రవారం పొద్దున వంటలు చేయడానికి మిస్ అల్మా, మరో ఆరుగురు మన పెరట్లోకి వచ్చారు. మిస్ అల్మా పొయ్యి దగ్గర కూర్చోగానే, "ఒలిబెర్థకి మునిమనవలు ఇరవై ముగ్గురే. రేడియోవాళ్ళకి లెక్క రాదా?" అంది. రెండో ఆమె ఇరవై నలుగురే అంది. పందెం. కంది గింజలు చాట మీద పోసి ఇంటింటికీ లెక్కపెట్టారు. "లెవీనాకి ఇద్దరు, పెట్టు. పెద్దబ్బాయికి అయిదుగురు." "నలుగురే!" "కవలలు కదమ్మా, ఎక్కడున్నావు నువ్వు?" ఇరవై మూడు గింజలయ్యాయి. అప్పుడు ఎవరో, "మరి టోర్టోలాలో ఎవరున్నారు?" అన్నారు. అందరి చేతులూ చాట మీదే ఆగిపోయాయి. మిస్ అల్మా ఇంకో గింజ తీసి, మెల్లిగా, విడిగా పెట్టింది.

అమ్మ అక్కడే బ్రెడ్‌ఫ్రూట్ కాయల తొక్క తీస్తోంది. తల ఎత్తలేదు.

మదర్స్ యూనియన్ బిళ్ళ కాలరు నుంచి తీసి డబ్బాలో పెట్టేసింది. రెండు సమావేశాలకి వెళ్ళలేదు.

అక్కా, ఇంకో సంగతి. ఇది మంచి సంగతి. నువ్వు చేరినప్పుడు ఇంటికి పంపిన ఒప్పందం నకలు తీసి మొత్తం చదివాను, నిఘంటువు పక్కన పెట్టుకుని. పద్నాలుగో నిబంధన చూడు. ఏడాది సర్వీసు లెక్కపెట్టేది నువ్వు వాళ్ళకి చెప్పిన రోజుకి కాదు, సెలవు మొదలయ్యే రోజుకి! నీ సెలవు అక్టోబరులో కదా మొదలయ్యేది. అప్పటికి ఏడాది దాటి రెండు నెలలు. నువ్వు దాచాల్సిన అవసరమే లేదు. ముందుగా కాగితం మీద రాసి ఇవ్వాలని మాత్రం ఉంది. పెళ్ళయిందా అని ఎక్కడా లేదు. ఏ దీవిలో పుట్టావని ఎక్కడా లేదు. 'అర్హురాలు' అని ఉంది, దయతలచి ఇస్తాం అని లేదు. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో నాకు ఇప్పుడే తెలిసింది. సముద్రమంత.

దరఖాస్తు పెట్టు అక్కా. కావాలంటే నేను చిత్తు ప్రతి రాసి పంపుతాను.

నిన్న ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో జమైకా జపాన్ మీద గెలిచింది. ఊరంతా వీధిలోకి వచ్చింది. నేను వెళ్ళలేదు.

కెజియా


టోర్టోలా
జూలై 8, బుధవారం

కెజియాకి,

చిత్తు ప్రతి పంపకు. నువ్వు రాసినవి చాలు ప్రస్తుతానికి. (కోపంతో అనడం లేదు. ఈ మధ్య ఏది రాసినా కోపంగానే వస్తోంది.)

పద్నాలుగో నిబంధన మేట్రన్ కూడా చూపించింది. వేలు పెట్టి చూపించింది. నేనే చదవలేదు. చేరినప్పుడు జీతం ఎంతో, పర్మిట్ ఎన్నాళ్ళో చూసుకుని సంతకం పెట్టాను. మిగతాది మన కోసం కాదనుకున్నాను. బయటి దీవి నుంచి వచ్చిన నర్సుకి అలాంటివి ఎవరిస్తారు అనుకున్నాను. అలా అని ఎవరూ నాతో అనలేదు. నేనే అనుకున్నాను. ఆపరేషన్ గదిలో లెక్క తప్పకుండా కత్తెరలు అందిస్తాను, నా సొంత కాగితం చదువుకోలేదు. సిగ్గేసింది.

కానీ దరఖాస్తు పెట్టను. నీకు అర్థం కాదు, పదిహేడేళ్ళు నీకు. ఆఫీసు కిటికీ దగ్గర ఒక గుమస్తా ఉంటాడు, ఇక్కడివాడే. పోయిన నెల మన అయిదుగురిలో ఒకామె పర్మిట్ కాగితం కోసం వెళ్తే, "మీలో ఇంకెవరు కడుపు మోసుకుని జీతానికొచ్చారు?" అన్నాడట. ఆమె వచ్చి నాతోనే చెప్పింది, నవ్వుతూ. ఆ కిటికీ దగ్గర నిలబడి, ఇంట్లో కూర్చుంటాను జీతమివ్వండి అని అడగమంటావా? ఇంటి దగ్గర నా కన్నతల్లే నా పేరు వినపడగానే బిళ్ళ తీసి డబ్బాలో పెట్టిందే! ఆమెకే అంత తలవంపులైనప్పుడు నేను ఎవరి ముందు తలెత్తను?

రాజీనామా రాశాను. జూలై 20, సోమవారం ఇస్తాను. ఆర్డన్ వాళ్ళ దీవి నెవిస్‌కి వెళ్ళిపోతాం. అతను సరే అన్నాడు. అతను దేనికైనా సరే అంటాడు. ఇది నేను ఎనిమిదేళ్ళు చదివి, పరీక్షలు రాసి తెచ్చుకున్న పని. అక్కడ నర్సులు కావాలేమో తెలియదు.

మేట్రన్‌కి చెప్పాను. "నేనూ నీలాగే కడుపుతో, ఇరవై ఆరేళ్ళప్పుడు సంచి సర్దుకుని వెళ్ళిపోయాను, బార్బడోస్ నుంచి. ఎవరూ పొమ్మనలేదు. మళ్ళీ ఉద్యోగానికి రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. సోమవారం దాకా ఆలోచించుకో" అంది. ఆమె మీద ఇన్నాళ్ళూ ఎన్ని జోకులు వేశామో.

దీంతో పాటు అమ్మకి ఒక కవరు పెడుతున్నాను. ఆమె చేతిలో పెట్టు. నువ్వు చదవకు. అమ్మకి నేను రాసే ఆఖరి ఉత్తరం ఇదే కావచ్చు.

నువ్వొక్కదానివే నాకు అక్కడ మిగిలావు.

వెర్నీస్


బరువల్లీ
జూలై 17, శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరంలో మంచి మాటల కోసం వెతకను. వెతికితే మళ్ళీ దాక్కుంటాను.

ఇరవై నాలుగు అని రాసింది నేను. టోర్టోలాలో ఒకరు అని రాసింది నేను. అమ్మకి ఏమీ తెలియదు. అమ్మ పేర్లు సరిచేసి ఇచ్చిన తర్వాత, మామయ్య వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే, ఆ వాక్యం చివర చేర్చాను. ఇరవై ముగ్గురిని కొట్టేసి.

ఎందుకో చెబుతాను, అది సాకు కాదు. అమ్మమ్మ పోవడానికి ముందు శనివారం తన జుట్టు దువ్వుతూ, నీ సంగతి ఆమె చెవిలో చెప్పేశాను. నువ్వు ఎవరికీ చెప్పవద్దన్నావు. ఈమె ఎవరికి చెబుతుందిలే అనుకున్నాను. పళ్ళు లేని నోటితో ఎంత నవ్విందో అక్కా. "దాన్ని కూడా లెక్కలో వెయ్యి. కడుపులో ఉన్నా నాదే" అంది. ఆమె మాట నిలబెట్టాననుకున్నాను. ఎవరూ లెక్క చూడరనుకున్నాను. మన ఊళ్ళో! ఇంకో నిజం కూడా ఉంది. ఊరి వరసన చదువుతుంటే టోర్టోలా చివర వస్తే వినడానికి బాగుంటుందనిపించింది. ఒక వాక్యం బాగా ముగియాలని నీ బతుకు రేడియోలో పెట్టాను.

అంతకంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. నువ్వు అమ్మని అనుమానించి రాస్తే, కాదు అని రాయలేదు. "అమ్మ ఆ కాగితం చూసింది, అవును" అని రాశాను. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం లేదు. అలా కూర్చడానికి గంట పట్టింది. ఇక్కడ అమ్మేమో, నువ్వే ఆ మాట పెట్టించావని అనుకుంది. వంటలు చేసిన రోజు సాయంత్రమే నన్నడిగింది. "నాకు చెప్పడానికి ఊరంతటికీ చెప్పాల్సి వచ్చిందా దానికి? రేడియో కంటే దూరమయ్యానా నేను?" నువ్వు కాదని చెప్పకుండా గిన్నెలు తోముతూ ఉండిపోయాను. బిళ్ళ తీసేసింది నీ మీద సిగ్గుతో కాదు. కూతురు నా దగ్గరికి రావడానికి భయపడేలా పెంచినదాన్ని తల్లుల సంఘంలో ఏ ముఖంతో కూర్చోను అంది. నేను నీకు బిళ్ళ సంగతి రాశాను, ఈ మాట రాయలేదు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. "నువ్వొక్కదానివే నాకు అక్కడ మిగిలావు" అన్న చోటికి వచ్చాక ఇక చదవలేకపోయాను.

అమ్మ పెరట్లో చేపలు శుభ్రం చేస్తోంది. వెళ్ళి నిలబడ్డాను.

"అమ్మా, ఆ లెక్క నేనే రాశాను."

"నువ్వే రాశావని తెలుసే. మీ అక్క రాయమంది, రాశావు."

"రాయమనలేదు. ఎవరికీ చెప్పొద్దంది."

కత్తి ఆగింది. "మీ అమ్మమ్మకి తెలుసా?"

"నేనే చెప్పాను."

"అమ్మమ్మకి చెప్పావు. రేడియోకి చెప్పావు. నీ పక్కనే చేపలు కోసేదానికి మాత్రం చెప్పలేకపోయావు."

నీ కవరు ఇచ్చాను. చేతులు కడుక్కుని, పావడాకి తుడుచుకుని, మెట్టు మీద కూర్చుని చదివింది. రెండుసార్లు చదివింది. మొదటిసారి పెదాలు కదిలాయి, రెండోసారి కదలలేదు. తర్వాత అంది:

"అయిదు వారాలు అది నన్ను రాక్షసి అనుకుంది. అయిదు వారాలు నేను దానికి మనసు లేదనుకున్నాను. మధ్యలో నువ్వు కూర్చుని మూడు పూటలా తిన్నావు."

తిట్టలేదు అక్కా. తిడితే ఏడ్చి ఉండేదాన్ని. ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించింది.

చేపలు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళి, ప్రయాణపు పెట్టె గ్రిప్పు కిందికి దించి దుమ్ము దులిపింది. నేను వెనకే వెళ్ళాను. "నీ మీద తర్వాత కోప్పడతాను, ఇప్పుడు తీరిక లేదు. సోమవారం అంటే ఎన్ని రోజులు?" అంది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "వాళ్ళు గింజలు లెక్కపెడుతుంటే నేను తల వంచుకున్నాను. అవును, ఇరవై నలుగురే, మీకేం నొప్పి అని అడగాల్సింది. అడగలేదు. దాని ఉత్తరంలో నా గురించి రాసినవన్నీ తప్పు కావే కెజియా. లెవీనా విషయంలో నేనలాగే అన్నాను. అది విని పెరిగింది మరి" అంది.

మామయ్య అమ్మకి టోర్టోలా టికెట్ చూశాడు. నీ ఒప్పందం నకలు అమ్మ తన చేతిసంచిలో పెట్టుకుంది. పద్నాలుగో నిబంధన నా చేత మూడుసార్లు చదివించుకుంది. రాసివ్వడమే తప్ప కిటికీ దగ్గర నవ్వుతూ నిలబడాలని అందులో ఎక్కడైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. "అయితే మేమిద్దరం నవ్వకుండానే నిలబడతాం. ఆ గుమస్తా నా ముందు ఆ మాట అననీ" అంది. దరఖాస్తు నువ్వే రాయాలి, నీ మాటల్లో. నేను ఒక్క అక్షరం పంపడం లేదు.

వద్దంటే వద్దని అమ్మకి చెప్పు, తిరిగి వస్తుంది. నువ్వు రాజీనామానే ఇస్తే ఆపనని కూడా అంది. కానీ ఇచ్చేది అమ్మ మీద కోపంతో అయితే మాత్రం, ఆ కోపం నాది అక్కా. నాకు పంపెయ్.

నాకు ఇకపై నీ రహస్యాలు చెప్పకు. నేనడిగినా చెప్పకు. ఎప్పుడో చెప్పాలనిపిస్తే, అప్పుడు చూద్దాం.

రేపు పొద్దున అయిదున్నరకి వాన్ మన సందు చివరికొస్తుంది. ఎనిమిదింటికి విమానం, ఆంటిగ్వాలో మారాలి, మధ్యాహ్నానికల్లా నీ దగ్గర ఉంటుంది. ఈ ఉత్తరం ఆమె చేతిలోనే పంపుతున్నాను. ముందు అమ్మని లోపలికి రానిచ్చి, తర్వాత చదువు. గ్రిప్పు వాన్‌లోకి ఎక్కించేసి నేను మిస్ అల్మా ఇంటికి వెళ్తాను. ఆమె ఆరింటికే వాకిలి ఊడుస్తుంది. ఆ వాక్యం ఎవరు రాశారో, ఎవరిని అడగకుండా రాశారో చెబుతాను. తర్వాత మిగతా ఆరు ఇళ్ళకి వెళ్తాను, అమ్మ విమానం లేచేలోగా.

కెజియా